నిదానంగా రాసే ఫ్యాన్‌ఫిక్షన్ రచయితలకు సమగ్ర మార్గదర్శి: కథ ఆగిపోకుండా, చదివేవాళ్లు దూరం కాకుండా

ఫ్యాండమ్‌లో, అంటే ఒక సినిమానో పుస్తకాన్నో సిరీస్‌నో ఇష్టపడి దాని పాత్రలతో సొంత కథలు (ఫ్యాన్‌ఫిక్షన్) రాసుకునే, చదువుకునే అభిమానుల మధ్య, ఒకరు వారానికో చాప్టర్ పెడుతుంటారు, ఇంకొకరు మూడు రోజుల్లో పదివేల పదాల వన్‌షాట్ (ఒకే భాగంలో అయిపోయే కథ) రాసి పెట్టేస్తారు, మీరేమో పోయినేడాది మొదలెట్టిన కథలో ఇంకా నాలుగో చాప్టర్ దగ్గరే ఉన్నారు. ఈ గైడ్ మీ కోసమే. వేగంగా రాయడం ఎలాగో ఇందులో చెప్పను. దానికి సలహాలు బోలెడు దొరుకుతాయి, చాలామందికి అవి పనిచేయవు కూడా. మీ వేగం ఇంతే అని ఒప్పుకుని, ఆ వేగంతోనే కథ పూర్తి చేయడం, చదివేవాళ్లను నిలుపుకోవడం, ఫ్యాండమ్‌లో మీ చోటు మీకుండేలా చూసుకోవడం ఎలాగో చెబుతాను.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. నిదానంగా రాసేవాళ్ల కథలు మధ్యలో ఆగిపోతున్నాయంటే ఆ తప్పు నిదానానిది కాదు. వేగంగా రాసేవాళ్లకు సరిపోయే కథను ఎత్తుకుంటారు, వాళ్లిచ్చే మాటే తామూ ఇస్తారు, ఆ మాట తప్పిన రోజు నుంచి సిగ్గుపడి ఫైల్ తెరవడమే మానేస్తారు. 60 చాప్టర్ల కథ, పైగా "ప్రతి ఆదివారం అప్‌డేట్" అనే మాట, రెండూ కలిస్తే ఎంత మంచి రచయితైనా చేతులెత్తేస్తారు. అందుకే కింద చెప్పేదంతా కథ ఆకారాన్ని, మీరిచ్చే మాటను, సైట్ సెట్టింగులను మీ వేగానికి తగ్గట్టు సర్దుకోవడం గురించే.

1. ముందు ఎక్కడ ఆగుతున్నారో కనిపెట్టండి

"నేను స్లో రైటర్‌ని" అనే మాట వెనక చాలా రకాలుంటాయి, ఒక రకానికి పనికొచ్చే మందు ఇంకో రకానికి పనికిరాదు. కొందరికి నిజంగానే టైమ్ ఉండదు. ఉద్యోగం, పిల్లలు, చదువు, ఒంట్లో బాగోకపోవడం, వీటన్నిటి మధ్య వారానికి ఒక గంట దొరికితే గొప్ప. కూర్చున్నప్పుడు మాత్రం బాగానే రాస్తారు. ఇంకొందరికి టైమ్ ఉంటుంది గానీ ఒక్కో వాక్యం దగ్గర ఆగిపోతారు, రాసింది చెరిపి మళ్లీ రాస్తారు, గంట తర్వాత చూస్తే రెండు పేరాలు. మరికొందరు అసలు నిదానమే కాదు, లెక్క చూస్తే నెలకు బోలెడు రాస్తున్నారు, కాకపోతే అది తొమ్మిది కథల మీద చెదిరిపోతోంది. ఇక చాప్టర్ ఎప్పుడో అయిపోయినా పోస్ట్ బటన్ నొక్కడానికి ధైర్యం చాలక వారాల తరబడి కామాలు సర్దుతూ కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు.

మీరు ఏ రకమో తెలుసుకోవడానికి రెండు మూడు వారాలు ఒక చిన్న పని చేయండి. కథ తెరిచిన ప్రతిసారీ ఒక్క లైను రాసి పెట్టుకోండి: ఎంతసేపు కూర్చున్నారు, ఏం చేశారు, ఎందుకు లేచారు. "20 నిమిషాలు, పాత చాప్టర్ చదువుతూనే గడిచిపోయింది" అని మాటిమాటికీ కనిపిస్తే మీ సమస్య రాయడంలో లేదు, మళ్లీ కథలోకి దిగడంలో ఉంది, అలాంటివాళ్లకు ఐదో భాగం బాగా పనికొస్తుంది. "డైలాగ్ కుదరలేదు, లేచాను" అని వస్తుంటే ఆ సీన్‌లో ఎవరికి ఏం కావాలో మీకే ఇంకా తేలలేదన్నమాట. అక్కడ కుస్తీ పట్టకండి, ఆ చోట "ఇక్కడ గొడవ, చివరికి ఆమె నిజం చెప్పదు" అని బ్రాకెట్‌లో రాసి తర్వాతి సీన్‌కు వెళ్లిపోండి. పోస్ట్ చేయడానికి భయపడే రకమైతే బీటా రీడర్‌ను (పోస్ట్ చేసే ముందే చదివి తప్పొప్పులు చెప్పేవాళ్లను) ఒకరిని పెట్టుకుని, వాళ్లు సరే అన్నాక ఒక్కసారే చూసుకుని పెట్టేయడం అనే నియమం పనిచేస్తుంది. తొమ్మిది కథల రకమైతే రెండు కథలు ఎంచుకోవాలి. ఒకటి పోస్ట్ చేస్తున్నది, ఇంకోటి దాని మీద విసుగు పుట్టినప్పుడు రాసుకునేది. మిగతావి ఒక ఫోల్డర్‌లో పడుకోనివ్వండి.

2. లెక్క వేసుకోండి, దాచుకోకుండా

వారానికి సగటున 500 పదాలు రాస్తారనుకుందాం. 60,000 పదాల కథ మీ మనసులో ఉంటే అది 120 వారాల పని, అంటే రెండేళ్లు దాటుతుంది. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండేళ్లు ఒక కథతో ఉండటం చాలామందికి ఇష్టమైన పనే, నాకూ ఇష్టమే. కానీ తెలిసి దిగడం వేరు, మూడు నెలల్లో అయిపోతుందనుకుని దిగడం వేరు. అదే వేగంతో 8,000 పదాల కథ నాలుగు నెలల్లో చేతికొస్తుంది.

తెలుగులో రాసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. "చెప్పలేకపోయినందుకు" అనేది మనకు ఒకే పదం, అదే ఇంగ్లిష్‌లో చెప్పాలంటే నాలుగైదు పదాలు పడతాయి. అందుకని ఇంగ్లిష్ రచయితల పదాల లెక్కతో పోల్చుకుంటే మీరు ఎప్పుడూ వెనకబడినట్టే కనిపిస్తారు. సీన్లలో లెక్కపెట్టుకోండి. నెలకు ఒక సీన్ అయినా సరే, "ఈ కథలో 14 సీన్లు, అందులో 5 అయ్యాయి" అనేది "3,412 పదాలు" కన్నా పనికొచ్చే సమాచారం.

నానోరైమో అనే వార్షిక రచనా సవాల్ 1999లో మొదలైంది, నవంబర్ నెలలో 50,000 పదాలు రాయాల్సి ఉండేది. అంటే రోజుకు దాదాపు 1,667. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడినా ఆ లెక్క మాత్రం రాసేవాళ్ల బుర్రల్లో అలాగే ఉండిపోయింది, రోజూ అంత రాయకపోతే సీరియస్‌గా రాస్తున్నట్టు కాదనే భావన అక్కడి నుంచే చాలామందికి అంటుకుంది. అది ఒక నెల పందెం కోసం పెట్టిన అంకె. జీవితాంతం దానితో కొలుచుకోవాల్సిన పని లేదు.

3. వేగానికి తగ్గ ఆకారం

నన్నడిగితే ఈ గైడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

పొడుగాటి సీరియల్ కథకు ఒక గుణం ఉంది: ప్రతి చాప్టర్ తర్వాతి చాప్టర్‌కు అప్పు పడుతుంది. రహస్యం చూపించి దాచారంటే అప్పు. హీరోను అగ్నిప్రమాదంలో వదిలి చాప్టర్ ముగించారంటే పెద్ద అప్పు. వారానికో చాప్టర్ పెట్టేవాళ్లు ఆ అప్పు వెంటనే తీర్చేస్తారు. మీకు తర్వాతి చాప్టర్ ఎనిమిది నెలలకు వస్తుందనుకోండి, ఆ ఎనిమిది నెలలూ చదివేవాళ్లు మంటల దగ్గరే నిలబడి ఉంటారు. వాళ్లకు వచ్చే చిరాకు మీ ఆలస్యం మీద కన్నా మీరు ఆపిన చోటు మీదే ఎక్కువ. కాబట్టి నిదానంగా రాసేవాళ్లు చాప్టర్‌ను ఒక ఊపిరి తీసుకునే చోట ముగించాలి. ప్రశ్న మిగిలి ఉండొచ్చు, ఉండాలి కూడా, కానీ ఆ చాప్టర్‌లో మొదలైన చిన్న విషయం ఏదో ఒకటి ఆ చాప్టర్‌లోనే తేలాలి. ఇద్దరి మధ్య గొడవతో మొదలైతే కనీసం ఆ గొడవ ఒక కొలిక్కి రావాలి, పెద్ద యుద్ధం ఎలాగూ మిగిలే ఉంటుంది.

ఇంకా మంచి దారి సిరీస్. 12 చాప్టర్ల ఒకే కథను, అదే పాత్రలతో అదే కాలక్రమంలో నడిచే ఆరు విడి కథలుగా రాయొచ్చేమో చూడండి. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే ఫ్యాన్‌ఫిక్షన్ సైట్, అంటే మనం ఏఓ3 అనేది, అందులో విడి కథలన్నిటినీ ఒక సిరీస్ కింద కలిపే వీలుంది, చదివేవాళ్లు సిరీస్ మొత్తానికి సబ్‌స్క్రైబ్ చేసుకోవచ్చు. దీనివల్ల పెద్ద లాభం ఏమిటంటే ప్రతి ముక్కా "పూర్తయిన కథ" అవుతుంది. అసంపూర్తి కథలు చూడనే చూడనని ఫిల్టర్ పెట్టుకుని చదివేవాళ్లు ప్రతి ఫ్యాండమ్‌లో ఉంటారు, వాళ్లకు కూడా మీరు కనిపిస్తారు. రేపు మూడో ముక్క దగ్గర మీకు ఓపిక అయిపోయినా మీ వెనక మిగిలేవి మూడు పూర్తి కథలు. పాడుబడిన సీరియల్ ఒకటి వేలాడుతూ ఉండదు.

ఉదాహరణకు శత్రువులుగా మొదలై ప్రేమికులయ్యే ఇద్దరి కథ ఉందనుకోండి. సీరియల్‌గా రాస్తే పదో చాప్టర్ దాకా ముద్దు లేదు, మీ వేగంతో అది మూడేళ్లు. సిరీస్‌గా రాస్తే మొదటి కథ: వర్షంలో ఇద్దరూ ఒకే చోట ఇరుక్కున్న రాత్రి, తెల్లారేసరికి ఒకరి పేరు ఇంకొకరు మొదటిసారి పిలుస్తారు, అయిపోయింది. రెండో కథ ఏడాది తర్వాత జరుగుతుంది, అప్పటికి వాళ్లు ఉత్తరాలు రాసుకుంటున్నారు, ఆ ఉత్తరాలు మూడింటితోనే కథ. మధ్యలో ఏడాది ఏం జరిగిందో మీరు రాయనక్కర్లేదు, చదివేవాళ్లు ఊహించుకుంటారు. ఫ్యాన్‌ఫిక్షన్‌లో ఈ ఖాళీలు వదలడం ఇంకా సులువు, ఎందుకంటే పాత్రలెవరో, ఏ లోకంలో ఉన్నారో చదివేవాళ్లకు ముందే తెలుసు, మీరు మొదటి నుంచి పరిచయం చేయాల్సిన పని లేదు. నిదానంగా రాసేవాళ్లకు ఈ ప్రక్రియ ఇచ్చే వరం ఇదే. వాడుకోండి.

చిన్న రూపాలను కూడా తక్కువగా చూడకండి. డ్రాబుల్ అంటే సరిగ్గా 100 పదాలు. వాక్యం దగ్గర ఆగి చెక్కే అలవాటున్నవాళ్లకు ఆ చెక్కడమే అక్కడ బలం అవుతుంది.

4. ఎప్పుడు పోస్ట్ చేయాలి

మూడు దారులున్నాయి. మొత్తం రాశాకే పోస్ట్ చేయడం మొదటిది. చదివేవాళ్లకు ఇదే మంచిది, కానీ ఏడాది పాటు ఒక్క మాట కూడా వినకుండా రాయగలగాలి, అందరి వల్లా కాదు. రెండోది ఎప్పటికప్పుడు పెట్టేయడం. కామెంట్లు చూస్తేనే రాయబుద్ధయ్యేవాళ్లకు ఇది తప్పదు. మధ్యలోది, నేను ఎక్కువమందికి చెప్పేది: సగం కథ రాసుకుని, దాన్ని మీ రాసే వేగానికి తగ్గ ఎడంతో వదలడం. నాలుగు చాప్టర్లు చేతిలో ఉంటే నాలుగు వారాల్లో వదిలేయకండి. రెండు నెలలకొకటి వదలండి, ఆ ఎనిమిది నెలల్లో మిగతావి రాసుకోండి. చేతిలో ఒకే చాప్టర్ మిగిలినప్పుడు ఎవరు ఎంత అడిగినా అది పెట్టొద్దు, తర్వాతిది పూర్తయ్యేదాకా అది మీ దగ్గరే ఉండాలి.

5. ఆరు వారాల తర్వాత ఫైల్ తెరిచినప్పుడు

రాయడం కన్నా మళ్లీ కథలోకి రావడానికే నిదానంగా రాసేవాళ్ల టైమ్ ఎక్కువ ఖర్చవుతుంది. ఏం రాశామో గుర్తుండదు, మొదటి చాప్టర్ నుంచి చదువుతాం, చదువుతూ దిద్దుతాం, దొరికిన గంట కాస్తా అయిపోతుంది. దీనికి రెండు అలవాట్లు చేసుకోవాలి.

మొదటిది, లేచే ముందు రెండు నిమిషాలు ఆపి, ఫైల్ చివర మీకు మీరే ఒక చీటీ రాసుకోండి. అందంగా ఉండక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"ఇద్దరూ మేడ మీద ఉన్నారు, రాత్రి, చలి. వాడికి ఉత్తరం సంగతి తెలిసిపోయింది, ఆమెకు ఆ విషయం తెలియదు. తర్వాత రావాల్సింది: ఆమె మామూలుగా ఏదో అడుగుతుంది, వాడు అబద్ధం చెబుతాడు. వాడి కోపం చేతుల్లో కనబడాలి, మాటల్లో వద్దు. సీన్ చివర తలుపు శబ్దం. సందేహం: ఆ గాయం ఎడమ చేతికా కుడి చేతికా, 2వ చాప్టర్ చూడాలి."

ఇందులో ఎవరు ఎక్కడున్నారో ఉంది, ఎవరికి ఏం తెలుసో ఉంది, తర్వాతి కదలిక ఉంది, సీన్ ఏ రుచిలో ఉండాలో కూడా ఉంది. చివరిది వదిలేయకండి. ప్లాట్ మళ్లీ గుర్తొస్తుంది, మూడ్ గుర్తురాదు. సీన్ పూర్తిగా ముగించి లేవడం కన్నా, తర్వాతి వాక్యం ఏమిటో తెలిసినప్పుడే సగంలో ఆపి లేవడం కూడా చాలామందికి కలిసొస్తుంది.

రెండోది, కథకు ఒక పేజీ వివరాల పట్టిక. వయసులు, కళ్ల రంగు, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు (నువ్వు నుంచి మీరుకు, లేదా మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు మారారు, తెలుగులో రాసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం), ఏ రహస్యం ఎవరికి ఏ చాప్టర్‌లో తెలిసింది, తేదీలు. ఇది ఉంటే పాత చాప్టర్లన్నీ తిరగేయాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

మొత్తం చదవాల్సి వస్తే ఎడిటర్‌లో చదవకండి. ఏఓ3లో ఏ కథనైనా ఈపబ్‌గా, పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, మీ కథ మీరు కూడా. ఫోన్‌లో పాఠకుల్లా చదవండి, దిద్దడానికి చేతికి అందదు కాబట్టి కథ మీద ధ్యాస ఉంటుంది.

6. మీరు రాస్తుండగానే కానన్ మారిపోతే

కానన్ అంటే మీరు ఆధారం చేసుకున్న అసలు కథ. రెండేళ్లు రాసే కథ విషయంలో ఇది జరిగి తీరుతుంది. మీరు చంపని పాత్రను అసలు సిరీస్ చంపేస్తుంది, మీరు ఊహించిన తండ్రి వేరొకరని తేలుతుంది. మొదటి రోజే ఒక గీత గీసుకోండి: "రెండో సీజన్ చివరి దాకా జరిగింది నిజం, ఆ తర్వాతది నాది." అది కథ సారాంశంలోనే రాసేయండి, కానన్ డైవర్జెన్స్ (అసలు కథ నుంచి వేరే దారి పట్టినది) అని ట్యాగ్ పెట్టండి. కొత్తగా వచ్చినవాటిని ఇరికించడానికి పాత చాప్టర్లు తిరగరాయడం మొదలెడితే ఆ పనికి అంతుండదు, మీ వేగంతో అసలే ఉండదు.

7. సైట్ పనిచేసే తీరు తెలుసుకోండి

ఇలాంటి కథలు పెట్టే సైట్లలో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ 1998 నుంచి ఉంది, వాట్‌ప్యాడ్ 2006లో వచ్చింది, ఏఓ3 అందరికీ తెరుచుకున్నది 2009 నవంబర్‌లో. ఒక్కో చోట అలవాట్లు ఒక్కోలా ఉంటాయి. వాట్‌ప్యాడ్‌లో చిన్న భాగాలు తరచుగా పెట్టడం అలవాటు, అక్కడ నిదానంగా రాసేవాళ్లకు కొంచెం కష్టం. ఏఓ3 ఎక్కువ నప్పుతుంది, ఎందుకంటే అది ఆర్కైవ్, సబ్‌స్క్రైబ్ చేసుకున్నవాళ్లకు మీ చాప్టర్ రెండేళ్ల తర్వాత వచ్చినా ఈమెయిల్ వెళ్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

అక్కడ నిదానంగా రాసేవాళ్లు ఇరుక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. పోస్ట్ చేయని కొత్త కథ డ్రాఫ్ట్ నెల రోజులకు అటూఇటుగా దానంతటదే చెరిగిపోతుంది. కాబట్టి సైట్‌ను అటకలా వాడొద్దు, అసలు ప్రతి మీ దగ్గర ఒక చోట, ఇంకో కాపీ వేరే చోట ఉండాలి. చాప్టర్‌ను డ్రాఫ్ట్‌గా ఉంచి చాలా రోజులకు పోస్ట్ చేస్తే తేదీ పాతదే పడే అవకాశం ఉంది, అప్పుడు కథ లిస్టులో పైకి రాదు. పోస్ట్ నొక్కే ముందు తేదీ ఆ రోజుదేనా అని చూసుకోండి. ఎనిమిది నెలలు కష్టపడి రాసిన చాప్టర్ పదో పేజీలో పడి ఎవరికీ కనబడకపోవడం కన్నా బాధ లేదు. ఇంకోటి, చాప్టర్ డిలీట్ చేస్తే దాని కింద ఉన్న కామెంట్లు కూడా పోతాయి. బాగా మార్చాలనుకుంటే అదే చాప్టర్‌ను ఎడిట్ చేయండి.

చాప్టర్ల అంకె దగ్గర మొత్తం ఎన్నో తెలియకపోతే 3/? అని వదిలేయండి. 3/10 అని పెట్టడం కూడా మాట ఇవ్వడమే.

అంకెలు చూసి మనసు పాడవుతుంటే కుడోస్ (లైక్ లాంటివి) ఈమెయిళ్లు ఆపేసే సెట్టింగ్ ఉంది, సైట్ స్కిన్‌తో (పేజీ కనబడే తీరు మార్చుకునే వీలు) హిట్ల లెక్క కనబడకుండా కూడా చేసుకోవచ్చు. ఏడాదికోసారి పోస్ట్ చేసేవాళ్లు రోజూ స్టాటిస్టిక్స్ పేజీ తెరవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

8. చదివేవాళ్లతో ఎలా మాట్లాడాలి

చదివేవాళ్లకు ఆలస్యం కన్నా ఏమీ తెలియకపోవడమే ఎక్కువ కష్టంగా ఉంటుంది. కథ ఆగిపోయిందా, నడుస్తోందా, పూర్తవుతుందా, ఈ మూడు తెలిస్తే చాలామంది ఓపిగ్గా ఉంటారు. అది మొదటి చాప్టర్ పైన నోట్‌లోనే చెప్పేయండి:

"ఈ కథ నిదానంగా వస్తుంది. చాప్టర్‌కు చాప్టర్‌కు మధ్య కొన్ని నెలలు పట్టొచ్చు. ముగింపు నాకు తెలుసు, ఆపేయాలనుకుంటే ఇక్కడే చెబుతాను. అప్పటిదాకా రాస్తూనే ఉన్నానని అనుకోండి."

ఇందులో తేదీ లేదు, క్షమాపణ లేదు. తేదీ ఎప్పుడూ ఇవ్వకండి, "త్వరలో" అని కూడా అనకండి. ఇక క్షమాపణల సంగతి: ప్రతి చాప్టర్ పైన "సారీ, చాలా లేటైంది, పరీక్షలు, జ్వరం, లాప్‌టాప్ పాడైంది" అని పేరా రాయడం మానేయండి. ఏడాది తర్వాత మొత్తం కథ ఒకేసారి చదివేవాళ్లకు ఆ పేరాలు అడ్డమే. వాటికి బదులు, గ్యాప్ పెద్దదైతే రెండు మూడు వాక్యాల్లో "ఇప్పటివరకు కథ" రాయండి. అది నిజంగా ఉపయోగం.

హయాటస్ (కొన్నాళ్ల విరామం) అని చెప్పడానికి మాత్రం కొత్త చాప్టర్ పెట్టొద్దు. అప్‌డేట్ అని ఈమెయిల్ చూసి ఆశగా తెరిచినవాళ్లకు "కొన్నాళ్లు రాయలేను" అని కనిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ నియమాలైతే రచయిత నోట్‌ను విడిగా చాప్టర్‌గా పెట్టడాన్నే ఒప్పుకోవు. సారాంశంలోనో, చివరి చాప్టర్ నోట్‌లోనో ఒక లైను చేర్చండి.

"నెక్స్ట్ అప్‌డేట్ ఎప్పుడు?" అనే కామెంట్ చూడగానే టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అందులో తొంభై పాళ్లు ప్రేమతో అడిగేవే, వేరేలా అడగడం రాక అలా అడుగుతారు. "ఎదురుచూస్తున్నందుకు థాంక్స్. సగం అయింది. మీకు ఇప్పటిదాకా ఏ సీన్ నచ్చింది?" అని తిరిగి అడిగి చూడండి, ఆ మనిషే తర్వాత పెద్ద కామెంట్ రాయొచ్చు. పాత కామెంట్లకు ఏడాది తర్వాత జవాబిచ్చినా తప్పేం లేదు, ఎవరికైనా అది సంతోషమే. చాప్టర్ పెట్టడానికి ముందు రోజు పాత కామెంట్లకు జవాబులివ్వడం మంచి అలవాటు, కథ మళ్లీ వాళ్ల కళ్ల ముందుకు వస్తుంది. మరీ దబాయించేవాళ్లు, తిట్టేవాళ్లు వస్తే మాత్రం వాదించొద్దు. కామెంట్ మోడరేషన్ పెట్టుకోవచ్చు, ఆ థ్రెడ్‌ను ఫ్రీజ్ చేయొచ్చు, ఆ మనిషిని బ్లాక్ చేయొచ్చు. ఉచితంగా రాసిపెట్టే కథకు డెడ్‌లైన్ పెట్టే హక్కు ఎవరికీ లేదు.

9. కథ పెట్టకపోయినా ఫ్యాండమ్‌లో ఉండండి

రెండు పోస్టుల మధ్య ఆరు నెలలు మాయమైపోతే మీకూ ఫ్యాండమ్ కొత్తగా అనిపిస్తుంది, వాళ్లకూ మీరు కొత్తగా అనిపిస్తారు. దీనికి రాయడమే మార్గం కానక్కర్లేదు. ఇతరుల కథలకు వివరంగా కామెంట్ పెట్టండి, "బాగుంది" అని కాకుండా ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో చెప్పండి. బీటా రీడింగ్ చేయండి. వాక్యాలు చెక్కే అలవాటున్నవాళ్లు గొప్ప బీటాలు అవుతారు, ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన విషయం. మీకు నచ్చిన పాత కథలతో, ముఖ్యంగా ఎవరూ పట్టించుకోని వాటితో, రికమెండేషన్ లిస్టులు చేయండి.

ఈవెంట్ల విషయంలో మాత్రం చూసి దిగండి. ఎక్స్‌ఛేంజ్‌లో మీరు ఒకరి కోసం రాస్తారు, మీకోసం వేరొకరు రాస్తారు, గడువు ఖచ్చితం. 2003 నుంచి నడుస్తున్న యూల్‌టైడ్ అనే ఎక్స్‌ఛేంజ్‌లో కనీసం 1,000 పదాలు రాయాలి. అంత మీ చేతిలో పనేనా అన్నది రెండో భాగంలో వేసుకున్న లెక్కే చెబుతుంది. బిగ్ బ్యాంగ్‌లలో, అంటే పొడుగు కథలు రాసి వాటికి బొమ్మలు జోడించే ఈవెంట్లలో, కనీస నిడివి చాలా ఎక్కువ, పైగా ఒక చిత్రకారుడు మీ కథ మీద ఆధారపడి బొమ్మలు వేస్తుంటారు. అలాంటివాటికి ముందే సగం రాసి ఉన్న కథతోనే పేరివ్వండి. కుదరదని తెలిసిన క్షణమే నిర్వాహకులకు చెప్పేయండి. తప్పుకోవడానికి పద్ధతులు, మీ బదులు రాసే పించ్ హిట్టర్లు ఉండేది అందుకే. చివరి రోజు దాకా మౌనంగా ఉండటమే వాళ్లను ఇబ్బంది పెడుతుంది.

కలిసి కూర్చుని రాసే స్ప్రింట్లు, అంటే 20 నిమిషాలు టైమర్ పెట్టుకుని అందరూ రాయడం, టైమ్ దొరకనివాళ్లకు బాగా పనికొస్తాయి. చివర్లో పదాల లెక్క చెప్పమంటే "సీన్‌లో గొడవ ఎందుకో తేలింది" అని చెప్పండి, అదీ లెక్కే.

10. ఆపేయాలనిపిస్తే, పూర్తయితే

కొన్ని కథలు పూర్తి కావు. కథ మీద ఇష్టం పోయిందా, లేక ఒక సీన్ దగ్గర ఇరుక్కున్నారా అని ముందు చూసుకోండి. ఇరుక్కుంటే ఆ సీన్ దాటేసి, ముగింపు సీన్ ముందే రాసి చూడండి. ఇష్టమే పోతే, మిగతా కథ ఏం జరగాల్సి ఉందో రెండు పేజీల్లో మామూలు మాటల్లో రాసి చివరి చాప్టర్‌గా పెట్టండి. చదివేవాళ్లకు ముగింపు తెలుస్తుంది, మీ మీద బరువు దిగుతుంది. ఎవరైనా కొనసాగించాలనుకుంటే ఒప్పుకుంటారో లేదో కూడా అందులోనే చెప్పండి. కోపంలో డిలీట్ చేయకండి. ఏఓ3లో ఆర్ఫన్ చేసే వీలుంది, మీ పేరు తీసేసి కథను మాత్రం అక్కడే ఉంచుతారు, కానీ అది వెనక్కి తీసుకోలేని పని, ఆ తర్వాత మీరు ఒక్క అక్షరం కూడా దిద్దలేరు. నిద్రపోయి లేచాక నిర్ణయించుకోండి.

పూర్తయితే చేయాల్సినవి కొన్నే. ప్రశ్నార్థకం తీసి అసలు అంకె పెట్టండి, అప్పుడే సైట్ దాన్ని పూర్తి కథగా చూపిస్తుంది. "స్లో అప్‌డేట్స్" లాంటి ట్యాగులు, మొదటి చాప్టర్ మీది ఆలస్యం నోట్ తీసేయండి. సారాంశాన్ని కొత్తగా చదివేవాళ్ల కళ్లతో ఒకసారి తిరగరాయండి, మీరది రాసి రెండేళ్లయింది. ఆ వారం కొంచెం ఖాళీ ఉంచుకోండి. పూర్తయ్యాకే చదువుదామని పక్కన పెట్టుకున్నవాళ్లు ఒక్కసారిగా వస్తారు, కొందరు రాత్రంతా కూర్చుని మొదటి నుంచి చదివి ప్రతి చాప్టర్ కిందా ఏదో ఒకటి రాసి వెళ్తారు, వాటికి జవాబులు ఇవ్వాలి కదా.